శాసనసభ గడపలో శివారు నగరాలు: మిన్నెసోటా అనుభవం

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో శాసనసభ సమావేశాలు మొదలయ్యే ముందు, మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాల చుట్టూ ఉన్న శివారు నగరాల కౌన్సిళ్లు తమ ప్రాంత శాసనసభ్యులను ఆహ్వానించి వారితో సమావేశమవుతాయి. మేయరు, కౌన్సిల్ సభ్యులు, నగర మేనేజరు ఒకవైపు, ప్రతినిధుల సభ సభ్యులు, సెనేటర్లు మరోవైపు కూర్చుంటారు. అంతకుముందే కౌన్సిల్ తీర్మానించిన ‘శాసన ప్రాధాన్యాల’ జాబితా వారి ముందు ఉంటుంది. ఏ రహదారి కూడలికి నిధులు కావాలి, ఏ నీటిశుద్ధి కేంద్రానికి రాష్ట్ర బాండ్ల సొమ్ము కావాలి, ఏ బిల్లు వస్తే నగరానికి నష్టం అన్నవి అందులో వరుసగా రాసి ఉంటాయి. చూడటానికి ఇది మామూలు మర్యాద సమావేశంలాగే ఉంటుంది. దీని వెనక మాత్రం నూట యాభై ఏళ్ల న్యాయచరిత్ర, రెండో ప్రపంచయుద్ధం తర్వాత శివార్లు పెరిగిన తీరు, పన్నుల కోసం ఊళ్ల మధ్య జరిగిన తగాదాలు ఉన్నాయి.

రాష్ట్రం చేతిలో నగరం

అమెరికా రాజ్యాంగంలో నగరాల ప్రస్తావనే లేదు. అధికారాలు కేంద్రానికి కొన్ని, రాష్ట్రాలకు కొన్ని పంచి ఊరుకుంది. అందువల్ల నగరమన్నది రాష్ట్రం చట్టం చేస్తే పుట్టేది, చట్టం మారితే మారేది. 1868లో అయోవా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి జాన్ ఫారెస్ట్ డిలన్ ఒక రైల్వే కేసు తీర్పులో ఈ సంగతి నిర్మొహమాటంగా చెప్పాడు. నగరపాలికలకు పుట్టుకా, అధికారాలూ శాసనసభ నుంచే వస్తాయని, వాటిని సృష్టించిన శాసనసభకు రద్దు చేసే శక్తి కూడా ఉందని ఆ తీర్పు సారం. చట్టం స్పష్టంగా ఇచ్చిన అధికారం, దాన్ని అనుసరించి తప్పనిసరిగా వచ్చే అధికారం తప్ప నగరానికి వేరే అధికారం లేదన్న ఈ సూత్రానికి ‘డిలన్ సూత్రం’ అని పేరు స్థిరపడింది.

1907లో అమెరికా సుప్రీంకోర్టు ఇదే మాటకు ముద్ర వేసింది. పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ తన పక్కనున్న అలెగేనీ నగరాన్ని కలుపుకోవాలనుకుంది. రెండు నగరాల ఓట్లనూ ఒకే మొత్తంగా లెక్కించాలని శాసనసభ చట్టం చేసింది. అలెగేనీ ఓటర్లలో ఎక్కువమంది వద్దన్నా పెద్ద నగరం ఓట్ల కింద వారి మాట కొట్టుకుపోయింది. వారు కోర్టుకెక్కితే, నగరాల హద్దులు మార్చడం, కలపడం, తీసేయడం రాష్ట్రం ఇష్టమని న్యాయస్థానం చెప్పింది. అలెగేనీ అనే నగరం అంతటితో పటం మీంచి తొలగిపోయింది. పెద్ద నగరం పక్కనున్న ప్రతి చిన్న ఊరికీ ఇందులో ఒక హెచ్చరిక ఉంది: తన ఉనికి తన ఓటర్ల చేతిలో కంటే రాష్ట్ర శాసనసభ్యుల చేతిలోనే ఎక్కువగా ఉంది.

అయితే ఈ అధికారానికి కళ్లెం వేసే ప్రయత్నాలు అంతకు చాలా ముందే మొదలయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దంలో శాసనసభలు ఒక్కో ఊరి పేరు పెట్టి ప్రత్యేక చట్టాలు చేసేవి. ఊరి వీధుల సంగతి, ఉద్యోగుల జీతాల సంగతి కూడా రాజధానిలోనే తేలేది. దీనికి విరుగుడుగా మిస్సోరి రాష్ట్రం 1875 నాటి రాజ్యాంగంలో, తన పాలనా నియమావళిని (చార్టరును) నగరమే రాసుకునే హక్కును, అంటే ‘హోమ్ రూల్‌’ను మొదటిసారి కల్పించింది. మిన్నెసోటా 1892లో ప్రత్యేక చట్టాలను నిషేధించి, 1896లో హోమ్ రూల్ సవరణను ఆమోదించింది. 1958లో మరో సవరణ వచ్చింది. ఒక ఊరికి మాత్రమే వర్తించే చట్టం చేయవచ్చు కానీ ఆ ఊరి పేరు చట్టంలో ఉండాలి, మామూలుగా ఆ ఊరి ఆమోదం కూడా ఉండాలి. శాసనసభ్యుడూ ఊరి కౌన్సిలూ ముందుగా ఒక మాట అనుకోవలసిన అవసరానికి ఇది రాజ్యాంగంలోనే చోటు కల్పించింది.

ఊళ్లన్నీ కలిసి రాజధానిలో గొంతు వినిపించే పని కూడా ఈ కాలంలోనే మొదలైంది. మిన్నెసోటా మునిసిపాలిటీల సంఘం 1913లో ఏర్పడింది. అదే ఇప్పటి లీగ్ ఆఫ్ మిన్నెసోటా సిటీస్.

పొలాలు నగరాలైన కాలం

మినియాపొలిస్, సెయింట్ పాల్‌లను అమెరికన్లు కూడా ‘జంట నగరాలు’ అనే అంటారు. మిసిసిపీ నది ఒడ్డున ఉన్న ఈ రెంటిలో సెయింట్ పాల్ రాష్ట్ర రాజధాని. 1950లో మినియాపొలిస్ జనాభా 5,21,718. ఆ నగరం చూసిన అత్యధిక సంఖ్య అదే. 1970 నాటికి అది 4,34,400కు పడిపోయింది. అదే ఇరవై ఏళ్లలో దక్షిణాన ఉన్న బ్లూమింగ్టన్ జనాభా 9,902 నుంచి 81,970కి చేరింది. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు ప్రభుత్వ హామీతో దొరికిన గృహరుణాలు, కారు, కొత్త రహదారులు కలిసి బంగాళదుంపల చేలను ఇళ్ల వరుసలుగా మార్చాయి.

పెద్ద నగరం హద్దులు మాత్రం 1920ల తర్వాత దాదాపు కదల్లేదు. చుట్టుపక్కల టౌన్‌షిప్పులు విలీనానికి ఒప్పుకోకుండా, చట్టం ఇచ్చిన వెసులుబాటుతో ఒక్కొక్కటిగా సొంత మునిసిపాలిటీలయ్యాయి. బ్లూమింగ్టన్ 1953లో ‘విలేజి’ హోదా తెచ్చుకుని ఆ తర్వాత నగరమైంది. అలా జంట నగరాల చుట్టూ చిన్నాపెద్దా కలిసి వందకు పైగా స్థానిక ప్రభుత్వాలు పేరుకున్నాయి. ఎవరికి వారు హద్దులు గీసుకోవడం శ్రుతి మించడంతో, కొత్త మునిసిపాలిటీల ఏర్పాటునూ విలీనాలనూ పరిశీలించడానికి 1959లో శాసనసభ రాష్ట్రస్థాయిలో మునిసిపల్ కమిషన్‌ను నియమించింది.

హైదరాబాద్ శివార్ల చరిత్ర దీనికి భిన్నంగా నడిచింది. ఎల్బీనగర్, కూకట్‌పల్లి, మల్కాజ్‌గిరి, శేరిలింగంపల్లి వంటి 12 మునిసిపాలిటీలు 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయాయి. మినియాపొలిస్ పక్కనున్న రిచ్‌ఫీల్డ్, ఎడైనా, బ్లూమింగ్టన్‌లు ఈనాటికీ విడి నగరాలే.

నేల కింద మురుగు, సభలో కుర్చీలు

విడి నగరాలు కావడం తేలికే అయింది కానీ నీరూ మురుగూ హద్దుల్ని పాటించలేదు. కొత్త శివార్లలో చాలా ఇళ్లకు పెరట్లో ఒక బావి, మరోవైపు ఒక సెప్టిక్ ట్యాంకు ఉండేవి. 1959లో రాష్ట్ర ఆరోగ్యశాఖ శివారు బావులను పరీక్షిస్తే దాదాపు సగం బావుల్లో మురుగు కలిసిన నీరు కనిపించింది. గృహరుణాలకు హామీ ఇచ్చే కేంద్ర సంస్థ, ఉమ్మడి నీటి, మురుగు వ్యవస్థలు లేనిచోట హామీ ఇవ్వడానికి వెనుకాడింది. అంటే ఇళ్ల అమ్మకమే ఆగిపోయే ప్రమాదం వచ్చింది. మురుగునీటి గొట్టాలను ఏ ఒక్క శివారూ తన ఖర్చుతో నది దాకా వేయలేదు. మినియాపొలిస్ తన వ్యవస్థను వాడుకోనిచ్చినా, ధర విషయంలో తగవు తప్పలేదు. 1961 నుంచి జరిగిన సమావేశాల్లో శాసనసభ ముందుకు రకరకాల మురుగు బిల్లులు వచ్చాయి. శివార్లలో శివార్లకే పడక, ఒక్కటీ గట్టెక్కలేదు.

దీనికి మరో కారణం సభ కూర్పులోనే ఉంది. 1913లో గీసిన నియోజకవర్గాల పటమే 1950ల చివరిదాకా నడిచింది. పల్లెల జనం తగ్గి శివార్ల జనం ఎన్ని రెట్లు పెరిగినా కుర్చీల లెక్క మారలేదు. వేలమంది ఉన్న పల్లె నియోజకవర్గానికీ, లక్షకు చేరువైన శివారు నియోజకవర్గానికీ సభలో ఒకే విలువ. 1958లో జంట నగరాల ప్రాంత పౌరులు కొందరు ఫెడరల్ కోర్టును ఆశ్రయించారు. శాసనసభే సరిదిద్దుకుంటుందని ఆశిస్తూ కోర్టు కేసును పెండింగులో పెట్టింది. ఆ ఒత్తిడితో 1959లో కొత్త చట్టం వచ్చింది. 1962లో, 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు ఈ బాటను రాజమార్గం చేశాయి. రాష్ట్ర శాసనసభ రెండు సభల్లోనూ కుర్చీలు జనాభా ప్రాతిపదికనే ఉండాలని 1964 నాటి తీర్పు తేల్చింది. 1966 ఎన్నికల్లో కొత్త పటంతో మిన్నెసోటా సభ ఏర్పడింది. శివార్ల నుంచి వచ్చిన సభ్యుల సంఖ్య పెరిగింది.

శాసనసభతో శివారు మేయర్ల సంబంధాలు మారిపోయింది ఇక్కడే. అంతకుముందు వారు పల్లె ప్రతినిధుల దయకోసం రాజధానికి వెళ్లేవారు. ఇప్పుడు సభలో తమ ఓటర్లే గెలిపించిన సభ్యులు కూర్చున్నారు. వారిని ఊళ్లోకే పిలిచి మాట్లాడవచ్చు.

మార్పు ఫలితం మొదటి సమావేశాల్లోనే కనిపించింది. ఏడు కౌంటీల ప్రాంతానికి 1967లో మెట్రోపాలిటన్ కౌన్సిల్ ఏర్పడింది. దాని సభ్యుల్ని ప్రజలే ఎన్నుకోవాలన్న ప్రతిపాదన కొద్ది ఓట్ల తేడాతో వీగిపోయి, గవర్నరు నియమించే పద్ధతి నిలిచింది. 1969లో మురుగునీటి బోర్డు వచ్చింది. మెట్రోపాలిటన్ కౌన్సిల్ తమ అధికారాన్ని మింగేస్తుందని శివారు నాయకులకు భయం ఉన్నా, మురుగు సమస్యకు మరో దారి వారికి కనిపించలేదు. ఎన్నికలు లేని ఆ కౌన్సిల్ మీద అసంతృప్తి మాత్రం అప్పటి నుంచి నేటిదాకా శివార్ల ప్రాధాన్యాల జాబితాల్లో వస్తూనే ఉంది.

పన్నుల కోసం పోరు

ఊరు నడవడానికి మిన్నెసోటాలో ప్రధాన ఆధారం ఆస్తి పన్ను. అందువల్ల ఫ్యాక్టరీ, విద్యుత్కేంద్రం, షాపింగ్ కేంద్రం ఏ ఊరి హద్దులో పడితే ఆ ఊరి ఖజానా నిండుతుంది, పక్క ఊరికి రద్దీ, రొద మిగులుతాయి. మిన్నెసోటా నది ఒడ్డున బ్లాక్ డాగ్ అనే విద్యుత్కేంద్రం ఉంది. అది నదికి దక్షిణాన బర్న్స్‌విల్ టౌన్‌షిప్పులో ఉండేది. 1960ల మొదట్లో నది ఉత్తరాన ఉన్న బ్లూమింగ్టన్ ఆ ప్రాంతాన్ని తనలో కలుపుకోవాలని చూసింది. బర్న్స్‌విల్ జనం దాన్ని ఎదిరించి నిలిచి, 1964లో సొంత మునిసిపాలిటీ సాధించుకున్నారు.

ఇటువంటి తగాదాలకు 1971లో శాసనసభ ఒక కొత్త మందు కనిపెట్టింది. దీన్ని ముందుండి నడిపించిన శాసనసభ్యుడు చార్లెస్ వీవర్‌ది ఉత్తరాన ఉన్న అనోకా. అటువైపు ఇళ్లు ఎక్కువ, వ్యాపారం తక్కువ. చట్టం పద్ధతి ఇదీ: 1971 నాటి విలువ మీద ఆ తర్వాత ఒక ఊళ్లో వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల పన్ను ఆధారం పెరిగితే, ఆ పెరుగుదలలో 40 శాతం ప్రాంతమంతటికీ ఉమ్మడి నిధిలా జమవుతుంది. పెరుగుదల 100 అనుకుంటే 60 ఊరిది, 40 ఉమ్మడిది. ఉమ్మడి భాగాన్ని జనాభాను బట్టి, తలసరి ఆస్తి విలువ ఎంత తక్కువో దాన్ని బట్టి ఊళ్లకు పంచుతారు. పేద ఊరికి ఎక్కువ, కలిగిన ఊరికి తక్కువ.

ఓటింగులో శివార్లు రెండుగా చీలాయి. ఉత్తరాన తక్కువ ఆదాయపు ఊళ్లు, పాత నగరాలు ఒకవైపు. దక్షిణ, పశ్చిమాల కలిగిన ఊళ్లు మరోవైపు. చట్టం నెగ్గాక బర్న్స్‌విల్ కోర్టుకెక్కింది. తన హద్దులోని విద్యుత్కేంద్రాన్ని కాపాడుకున్న ఊరికి, ఆ పన్ను పెరుగుదలను పంచుకోమనడం సహజంగానే రుచించలేదు. 1974లో మిన్నెసోటా సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. ఒక ఊళ్లో ఫ్యాక్టరీ రావడానికి చుట్టూ ఉన్న ఊళ్ల కార్మికులు, రహదారులు, సదుపాయాలు కూడా కారణమేనన్నది తీర్పు వెనక ఉన్న తర్కం. 1975 పన్నుల నుంచి ఈ పంపకం అమల్లోకి వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. అమెరికాలో ఇంత పెద్ద ఎత్తున పన్ను ఆధారాన్ని ఊళ్ల మధ్య పంచే ఏర్పాటు వేరే ప్రాంతాల్లో అరుదు.

అదే 1971లో గవర్నరు వెండెల్ ఆండర్సన్ హయాంలో పాఠశాలలకూ నగరాలకూ రాష్ట్ర సహాయం భారీగా పెరిగింది. బదులుగా నగరాలు ఆస్తి పన్ను ఎంత పెంచవచ్చన్న దాని మీద పరిమితులు పడ్డాయి. ఈ పరిమితుల్ని తర్వాతి శాసనసభలు కొన్నిసార్లు ఎత్తేసి, కొన్నిసార్లు మళ్లీ విధించాయి. నగరం బడ్జెట్లో సగం మాటలు రాజధానిలో తేలడం అప్పటి నుంచి మామూలైంది. 1972 నాటి సవరణ దాకా శాసనసభ బేసి సంవత్సరాల్లోనే కూర్చునేది. ఆ తర్వాత ఏటా కూర్చోవడం మొదలైంది. ప్రాధాన్యాల జాబితా కూడా ఏటేటా తయారుచేయవలసి వచ్చింది.

క్రీడాస్థలం పోయి బజారు వచ్చిన వైనం

ఒక శివారు నగరం భాగ్యం శాసనసభ నిర్ణయంతో ఎలా తారుమారవుతుందో బ్లూమింగ్టన్ కథ చూపిస్తుంది. 1956లో అక్కడ మెట్రోపాలిటన్ స్టేడియం ప్రారంభమైంది. బేస్‌బాల్ జట్టు ట్విన్స్, ఫుట్‌బాల్ జట్టు వైకింగ్స్ అక్కడే ఆడేవి. 1977లో శాసనసభ కొత్త స్టేడియం కోసం చట్టం చేసి, స్థలం ఎంపికను ఒక కమిషన్‌కు అప్పగించింది. కమిషన్ మినియాపొలిస్ నడిబొడ్డును ఎంచుకుంది. 1982లో మెట్రోడోమ్ తెరుచుకుంది. అంతకు ముందే బ్లూమింగ్టన్ స్టేడియంలో ఆటలు ముగిశాయి. ఖాళీ అయిన ఆ స్థలంలోనే 1992 ఆగస్టులో ‘మాల్ ఆఫ్ అమెరికా’ వెలసింది. దాని చుట్టూ రహదారులకు కావలసిన సొమ్ము కోసం నగరం మళ్లీ శాసనసభనే ఆశ్రయించి, పన్ను పంపక చట్టంలో ప్రత్యేక వెసులుబాటు పొందింది. ఉమ్మడి నిధికి ఎక్కువగా ఇస్తూ వచ్చిన ఊరు, అదే నిధిని తన అవసరానికి తాత్కాలికంగా వాడుకోవడానికి చట్టం ద్వారా దారి వెతుక్కుంది. రాష్ట్ర ప్రతినిధులతో దగ్గరి పరిచయం లేకుండా ఇది సాధ్యమయ్యేది కాదు.

శివారు ఒక్కటి కాదు

1990లలో మినియాపొలిస్ నుంచి ఎన్నికైన శాసనసభ్యుడు మైరాన్ ఆర్ఫీల్డ్ పటాల సాయంతో ఒక వాదన తెచ్చాడు. నగరం చుట్టూ తొలివిడతలో పెరిగిన పాత శివార్లు, తక్కువ ఆదాయపు ఉత్తర శివార్లు తమ అవసరాల దృష్ట్యా కొత్త ధనిక శివార్ల కంటే పెద్ద నగరానికే దగ్గరని అతడి లెక్క. ఆ ఊళ్ల ప్రతినిధులతో కూటమి కట్టి బిల్లులు నెగ్గించాడు. కొన్నింటిని గవర్నరు ఆర్నే కార్ల్‌సన్ తిరస్కరించాడు. అయినా 1994లో మురుగునీరు, బస్సు రవాణా మెట్రోపాలిటన్ కౌన్సిల్ కిందికి వచ్చాయి. 1995లో ఊళ్లు తక్కువ ధర ఇళ్లకు చోటిస్తే గ్రాంట్లు ఇచ్చే చట్టం వచ్చింది.

ఈ చీలికలకు తగ్గట్టే శివార్ల సంఘాలూ వేరు వేరు. ప్రాంతంలోని ఊళ్లన్నిటికీ మెట్రో సిటీస్ ఉంది. ఉత్తర శివార్ల మేయర్లకు వేరే సంఘం ఉంది. ఎడైనా, ఈడెన్ ప్రెయిరీ వంటి ఊళ్లు మునిసిపల్ లెజిస్లేటివ్ కమిషన్‌లో కలిసి పనిచేస్తాయి. చాలా నగరాలు సొంతంగా లాబీయిస్టుల్ని కూడా పెట్టుకుంటాయి. స్థానిక ప్రభుత్వాలు ఇందుకు పెట్టిన ఖర్చును రాష్ట్ర ఆడిటర్ ఏటా బయటపెడతారు.

నేటి ఆనవాయితీ

మిన్నెసోటా శాసనసభలో సెనేటర్లు 67 మంది, ప్రతినిధులు 134 మంది. సమావేశాలు మే మూడో శనివారం తర్వాతి సోమవారానికి ముగియాలి. కాబట్టి మాట్లాడుకోవలసింది ముందే మాట్లాడుకోవాలి. కౌన్సిల్ సభ్యుల్లో ఎక్కువమంది కూర్చుని నగర వ్యవహారం చర్చిస్తే అది బహిరంగ సమావేశమే అవుతుందని చట్టం చెబుతుంది. అందుకని ముందుగా ప్రకటించి, జనం చూసేలా జరుపుతారు. శివారు కౌన్సిల్ ఎన్నికలకు పార్టీ గుర్తులు లేవు. శాసనసభ్యులకు పార్టీలు ఉన్నాయి. ఒకే ఊరు రెండు మూడు నియోజకవర్గాల్లో పంచుకుపోయినచోట రెండు పార్టీల సభ్యులూ ఒకే బల్ల దగ్గర కనిపిస్తారు.

భారతదేశంలో ఈ ఏర్పాటు వేరు. రాజ్యాంగం 243ఆర్ అధికరణం కల్పించిన వీలుతో శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు పదవి రీత్యా మునిసిపల్ కౌన్సిల్లో సభ్యులుగా కూర్చుంటారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల్లో ఎమ్మెల్యే కౌన్సిల్లోనే ఉంటాడు. అమెరికాలో శాసనసభ్యుడికి ఆ కుర్చీ లేదు. అందుకే ఏడాదికోసారి పిలిచి మాట్లాడటం ఆనవాయితీ అయింది.

బల్ల మీదికి వచ్చే అంశాలు కొన్ని ఏటేటా తప్పవు. క్రీడాకేంద్రానికో, పార్కుకో నగరం సొంతంగా స్థానిక అమ్మకపు పన్ను వేయాలంటే కౌన్సిల్ తీర్మానం, ఆపై శాసనసభ అనుమతి, ఆపై ఊరి ఓటర్ల ఆమోదం కావాలి. రాష్ట్రం అప్పు చేసి బాండ్ల ద్వారా కట్టే పనులకు ప్రతి సభలోనూ అయిదింట మూడువంతుల ఓట్లు కావాలి. అంటే పాలకపక్షం ఒక్కటే చాలదు, రెండు పార్టీల ప్రతినిధులూ ఊరికి అవసరమే.

ఈ మధ్య ముందుకొచ్చిన తగవు ఇళ్ల స్థలాల గురించి. శాసనసభ 2023లో ఏడు కౌంటీల ప్రాంతమంతటా రవాణాకు 0.75 శాతం, గృహనిర్మాణానికి 0.25 శాతం అమ్మకపు పన్ను విధించింది. ఆ గృహనిధిలో కొంత భాగం నగరాలకూ వస్తుంది. 2024 నుంచి మరో ప్రతిపాదన వస్తోంది: ఒక్క కుటుంబపు ఇళ్లకే కేటాయించిన వీధుల్లో రెండు మూడు కుటుంబాల ఇళ్లకు కూడా నగరాలు తప్పనిసరిగా అనుమతివ్వాలని. ఇళ్ల కొరత తీరాలంటే ఇది అవసరమని బిల్లు తెచ్చినవారి వాదన. ఏ వీధిలో ఏ ఇల్లు ఉండాలో ఊరే తేల్చుకోవాలని శివారు కౌన్సిళ్ల వాదన. 2024లోనూ 2025లోనూ బిల్లులు ఆగిపోయాయి. అయితే అలా తేల్చే అధికారాన్ని, అంటే జోనింగ్ అధికారాన్ని, నగరాలకు ఇచ్చింది శాసనసభ చట్టమే. దాన్ని కుదించే అధికారం కూడా శాసనసభకే ఉంది.